రోహిణి కార్తెలో దుమ్ము మందు

కృత్తిక కార్తె, చివరి రోజులు

గాలి గొట్టం పనిచేస్తోంది. పైనున్న సోలార్ పలకల కరెంటు పగటి పూట వస్తోంది. మంచినీళ్ల ట్యాంకు నేలమట్టమైంది. దారి లేదు.

నీళ్ల పని చూసేవాళ్లు చిట్టా రాయాలన్నది మా కింది ఊరి కట్టుబాటు. ఇన్నాళ్లూ రెండు ముక్కలు రాసి ఊరుకునేదాన్ని. నిన్నటి నుంచి రాయాల్సింది చాలా ఉంది.

నిన్న నేను పని గదిలో ఉండగా పెద్ద చప్పుడైంది. గాలి ఒక్కసారిగా లోపలికి తోసుకొచ్చి చెవులు మూసుకుపోయాయి. దుమ్ము అణిగాక పరుగెత్తి చూస్తే, పైకి వెళ్లే ఏటవాలు దారి కప్పు కూలి ఉంది. దాని కిందే ట్యాంకు, దాని పక్కనే నీళ్లు శుద్ధి చేసే పెద్ద మిషను. పై తలుపు దగ్గర కాపలా ఉన్నది రాజమల్లు. మా ఊరి పెద్ద ఓదెలన్నకు సొంత తమ్ముడు.

ఓదెలన్న ఒట్టి చేతులతో రాళ్లు లాగుతున్నాడు. కప్పుకు దుంగలు నిలబెట్టే పోశాలు ఆయన నడుం పట్టుకుని వెనక్కి గుంజాడు.

"నువ్వొక్క రాయి కదిపితే ఇంకింత పడ్తది అన్నా. లోపల అందరం ఉన్నం."

"వాడు పిలుస్తున్నట్టే ఉన్నది."

"పిలుస్తలేడన్నా."

ఓదెలన్న రాయి వదిలేశాడు.

రేడియోలో రెండో గని వాళ్లు దొరికారు. గట్టయ్య గొంతు. "పైన ఎవ్వరూ తిరిగెటట్టు లేదు నీలక్కా. నిన్న మా మేకల షెడ్డు చూడబోయినాయన ఇంక రాలేదు. మృగశిర చినుకు పడ్డంకనే మేం రాగలిగేది. అప్పటిదాక ఎట్లనన్న ఉండుండ్రి."

రోహిణి కార్తె మొదలు

ఎండలు ముదిరాక మనిషి పైన నీడలో కూర్చున్నా పొద్దుగూకేసరికి బతకడు. అందుకే బొగ్గు తీసేసిన ఈ పాత గని, మేం బాయి అంటాం, మాకు వేసవి ఊరు. ఉగాది దాటగానే దిగుతాం, వాన పడ్డాక ఎక్కుతాం. లోపల ఉక్క ఎప్పుడూ ఉంటుంది. అలవాటే. కానీ తలుపు ఉందని తెలిసి పడుకోవడం వేరు. ఇప్పుడు పడుకుంటే కప్పు ముక్కు మీదే ఉన్నట్టుంది. లేచి చేయి చాపి ఎంత ఎత్తు ఉందో చూసుకుంటున్నాను. నేనొక్కదాన్నే కాదు. పక్క సొరంగంలో, అంటే గ్యాలరీలో, సరోజన కూడా అలాగే చేయి చాపడం చూశాను. ఆమె ఒళ్లో బిడ్డకు ఇంకా మెడ నిలవలేదు.

మిగిలిన నీళ్లు బాయి అడుగున సంపులో ఊరేవే. రాళ్లు పడ్డప్పుడు పాత ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి పగిలి దాని నూనె ఆ సంపులోకి దిగింది. పైన తేలిన నూనెను గుడ్డలతో తీసేశాం. నీళ్లలో కలిసిపోయినది మాత్రం పోలేదు. మా దగ్గర మిగిలింది దారాల ఫిల్టరు. వెంట్రుకల్లాంటి బోలు గొట్టాలు కట్టగా ఉంటాయి. క్రిములను ఆపుతుంది కానీ, కరిగిన నూనె దానికి మరీ చిన్నది, సాఫీగా దాటిపోతుంది. మరిగిస్తే ఆవిరితో పాటే వస్తోంది. బొగ్గు పొడిలోంచి పోసి చూశాం. వాసన కాస్త తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదటికి వచ్చింది.

మా నర్సు ఫర్జానా ఈ పూట చెప్పింది: "అందరికీ తలనొప్పి. పిల్లలు కక్కుతున్నరు. సరోజనకు పాలు తగ్గినయ్. తాగకుంటే ఎండిపోతరు, తాగితే గిట్ల. ఏదో ఒకటి జెయ్యి నీలవేణీ. నువ్వు మందులు జేస్తవ్ గద."

నేను చేసేది మందులు కాదు, మందు. దుమ్ము మందు. గోడల మీద, నడిచే దారుల్లో చల్లుతాం. బొగ్గు దుమ్ము లేవకుండా పట్టి ఉంచుతుంది. మా ఊరే కాదు, చుట్టుపక్కల గని ఊళ్లన్నీ దాన్నే వాడతాయి.

రోహిణి, తర్వాతి రోజు

నిద్ర పట్టక దాని గురించే ఆలోచించాను. దుమ్ము మందు ఒక రకం ఉప్పు. మామూలు ఉప్పులా గట్టిగా ఉండదు, కొద్ది వేడికే కరిగి ద్రవమవుతుంది. అయానిక్ ద్రవం అంటారు. ప్రతి అణువుకూ నీళ్లంటే ఇష్టమైన తల, నీళ్లంటే గిట్టని పొడుగాటి తోక.

పొద్దున్నే ఫర్జానాకు చెప్పాను. ఆమెకు అర్థమైతే నాకూ నమ్మకం కుదురుతుందనిపించింది.

"నీళ్లల్ల కొంచెం ఏస్తే ఒక్కొక్కటి ఇడివిడిగ తిరుగుతయ్. ముందు పైకి పోయి నీళ్ల మీద పరుసుకుంటయ్, తోకలు గాలిలకు పెట్టి. ఆడ జాగ నిండినంక ఇంకింత ఏస్తే ఏం జేస్తయ్? తోకలన్ని లోపలికి, తలలన్ని బయటికి పెట్టుకోని గుత్తులు గుత్తులు అయితయ్."

"అయితే?"

"ఆ గుత్తి లోపల నీళ్లుండయ్. నూనెకు కావాల్సింది గదే జాగ. నూనె పోయి అందుల దాసుకుంటది. గుత్తి పెద్దది. ఫిల్టరు దాటదు."

ఫర్జానా అక్కడే పట్టుకుంది: "ఇడివిడిగ తిరిగేటియి?"

"అవి దాటుతయ్," అన్నాను. ఆ ప్రశ్న ఆమె అడగకపోతే బాగుండును అనిపించింది.

సాయంత్రం

గదిలో ఉన్న మందు పన్నెండు కార్బన్ల తోకది. సంపు నీళ్లలో కలిపి ఫిల్టరు లోంచి పంపాను. నూనె వాసన పూర్తిగా పోయింది. సీసా పట్టుకుని నాలో నేనే నవ్వుకున్నాను. తర్వాత సీసాను ఊపితే గొంతు దాకా నురుగు. నాలుక మీద చుక్క వేసుకుంటే చేదు.

దోమలు పెరగకుండా తొట్టిలో వేసిన చిన్న చేపలున్నాయి. రెండింటిని ఆ నీళ్లలో వేశాను. కాసేపు గుండ్రంగా తిరిగి పక్కకు ఒరిగాయి.

"గిది నూనె కన్న పాడుగుంది," అంది ఫర్జానా.

నా వెనక ఓదెలన్న నిలబడి ఉన్నాడని అప్పుడు చూశాను. చేపలను చూశాడు, నన్ను చూశాడు. "పాత గ్యాలరీల నుంచి ఒక తొవ్వ ఉండె. మా నాయిన కాలంల సీల్ జేసిండ్రు. రేపు ఇప్పుతం," అన్నాడు.

"అండ్ల గాలి చెడిపోయి ఉంటదన్నా. అది బయటికెళ్తదో లేదో గూడ ఎరుక లేదు."

"ఈడ కూసోని సచ్చుడు ఎరుకే గద."

రోహిణి, మరునాడు

నేను ఎంత చెప్పినా ఓదెలన్న వినలేదు. పోశాలు ముందు నడిచాడు, గాలి మీటరు ఓదెలన్న పట్టుకున్నాడు. ఇద్దరి నడుములకూ తాళ్లు కట్టాం. సీల్ గోడలో మనిషి దూరేంత కన్నం చేశారు. అందులోంచి వచ్చిన గాలికి వాసనే లేదు. అదే భయం. పోశాలు లోపలికి దూరాడు, ఓదెలన్న కన్నం దగ్గర ఆగాడు.

మీటరు కూత మొదలైన మరుక్షణమే పోశాలు తాడు బిగుసుకుపోయింది. లాగితే రాలేదు, ఎక్కడో రాయికి చుట్టుకుంది. ఓదెలన్న ఊపిరి బిగబట్టి వంగి లోపలికి దూకాడు. నేను ఆయన తాడు పట్టుకుని నిలబడ్డాను. ఆ కాసేపట్లో నా చేతికి తెలిసింది తాడు ఒక్కటే. అది కదిలితే ఆయన బతికున్నట్టు.

ఇద్దరూ వచ్చారు. పోశాలును ఈడ్చి తెచ్చి ఓదెలన్న నేల మీద బోర్లా పడ్డాడు. ఫర్జానా పోశాలు నోట్లోకి ఊపిరి ఊదుతూనే ఉంది. చివరికి దగ్గాడు. బతికాడు కానీ కుడి చేయి ఇంకా స్వాధీనంలో లేదు, మాట తడబడుతోంది.

కన్నం మళ్లీ మూసేశాం. మట్టి మెత్తుతూ ఓదెలన్న అన్నాడు: "తమ్మునికి తోడు పోశాలును గూడ పంపేటోన్ని. కాళ్లు చేతులు ఆడినన్ని దినాలు తొవ్వ ఉన్నదనుకున్న. లేదు బిడ్డా. ఇగ నీ పని నువ్వు జూడు."

రోహిణి నడుమ

మందుకు తోకయ్యే సరుకు, పదహారు కార్బన్ల బ్రోమైడ్, ఒక్క క్యాను ఉంది. అంత పొడుగు తోక దుమ్ముకు అక్కర్లేదని ఎప్పుడూ వాడలేదు. తోక ఎంత పొడుగైతే నీళ్లలో ఒంటరిగా తిరగడం అంత కష్టం. కొంచెం వేసినా చాలు, గుత్తి కడతాయి. అప్పుడు విడిగా తిరిగేవి, ఫిల్టరు దాటేవి, చాలా తక్కువ.

ఫ్లాస్కులో తలయ్యే సరుకు, మిథైల్ ఇమిడజోల్, పోశాను. దాని కంపు మురిగిన చేపల కంపులా ఉంటుంది. అందులో బ్రోమైడ్ కొంచెం కొంచెంగా వంచుతూ, వేడినీళ్ల తొట్టిలో పెట్టి కలపాలి. రెండూ నీళ్లలాంటి ద్రవాలే. తొందరపడి ఒక్కసారే పోస్తే వేడెక్కి ఎగదన్నుతుంది. మొదట తెల్లగా మసకబారుతుంది. తర్వాత చిక్కబడి తేనెలా సాగుతుంది. కరెంటు పోయాక మోటారు ఆగింది. ఫర్జానా, నేను వంతులేసుకుని గాజు కడ్డీతో తిప్పాం. వేడి పోకుండా తొట్టికి గొంగళ్లు చుట్టాం.

"మా అమ్మ గిట్లనే హలీం తిప్పుతుండె," అంది ఫర్జానా. "చెయ్యి ఆగితే అడుగంటుతదని తిడుతుండె."

"ఇది అడుగంటదు."

"మంచిదే. తినేటట్టు గూడ లేదు."

ఇద్దరం నవ్వాం. గోడకు అవతల ఎవరో ఏడుస్తున్నారు. నవ్వు ఆపేశాం.

రోహిణి, రెండు రోజుల తర్వాత

మందు చల్లారి తెల్లటి మైనంలా గడ్డకట్టింది. కలవకుండా మిగిలిన కంపు ద్రవం అందులో ఉంటే మనిషికి విషమే. ఇథైల్ ఎసిటేట్ అనే ద్రావకం పోసి రుద్ది, పైన తేలింది వంచి పారేసి, మళ్లీ పోసి, అలా కంపు పూర్తిగా పోయేదాకా కడిగాను. మిగిలిన తడిని వ్యాక్యూమ్ పంపుతో లాగేశాను.

ఎంత వేస్తే గుత్తి కడుతుందో తెలియాలి. మామూలుగా నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో మీటరుతో చూస్తాం. మందు పెంచుతూ పోతే కాగితం మీద గీసే గీత నిటారుగా లేస్తుంది, గుత్తులు మొదలైన చోట వాలుతుంది. కానీ మా సంపు నీళ్లు ఉప్పటివి. ఆ ఉప్పు కరెంటు ముందు మందు కరెంటు కనబడదు. మీటరు పక్కన పెట్టాను.

డ్రాపర్ తీసుకుని చుక్కలు వదిలాను. వట్టి నీళ్లయితే చుక్క లావుగా వేలాడి బరువుతో పడుతుంది. మందు పెరిగేకొద్దీ చుక్క చిన్నదవుతూ వస్తుంది. ఒక చోటికి వచ్చాక ఇంకెంత మందు వేసినా చుక్క సైజు మారదు. గుత్తి కట్టేది అక్కడే. నేననుకున్న దానికన్నా ఎంతో ముందే ఆ చోటు వచ్చేసింది. రెండోసారి చూసినా అంతే. ఉప్పు వల్లే. మందు అణువుల తలలన్నీ ఒకే రకం కరెంటువి, దగ్గరికి వస్తే ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఉప్పు వాటి నడుమ చేరి ఆ తోపులాటను తగ్గిస్తుంది. దాంతో ఇంకా తక్కువ మందుకే గుత్తులు కడతాయి. ఎన్నాళ్లుగానో మేం తిట్టుకునే ఉప్పు నీళ్లు మొదటిసారి మాకు పనికొచ్చాయి.

ఫిల్టరు నీళ్లు చేదు లేవు. నురుగు పలచగా వచ్చింది. చేపలు అర్ధరాత్రి దాకా బతికాయి. పొద్దున చూస్తే చచ్చి తేలి ఉన్నాయి.

సరోజన బిడ్డ ఇప్పుడు ఏడవడం లేదు. గొంతు తడారిపోయిందని ఫర్జానా తడిగుడ్డ పెదాలకు అద్దుతోంది. ఆ గుడ్డ తడిపేదీ సంపు నీళ్లతోనే.

రోహిణి, చివరి వారం

రేడియోలో గట్టయ్య: మబ్బు జాడ లేదు, ఈసారి వాన వెనకబడేటట్టుంది. ఓదెలన్న ఎవరికీ చెప్పొద్దన్నాడు. చెప్పకపోయినా అందరికీ తెలిసిపోయింది. మధ్యాహ్నం ఒకాయన ఇనుప కడ్డీ తీసుకుని కూలిన రాళ్ల మీదికి వెళ్లాడు. ఓదెలన్న ఎదురు నిలబడి "కొడ్తే నన్ను కొట్టు" అన్నాడు. ఆయన కడ్డీ కింద పడేసి అక్కడే కూలబడి మోకాళ్లలో తల పెట్టుకున్నాడు.

నాకు ఏదో ఒకటి చేయకపోతే పిచ్చెక్కేట్టుంది. పని గది కడగడం మొదలుపెట్టాను. మూలన బకెట్‌లో మందు నీళ్లున్నాయి, గోడల దుమ్ము పడి అడుగున బొగ్గు పేరుకుంది. వంచి పారబోస్తుంటే తేడా కనిపించింది. నురుగు లేదు. గట్టిగా ఊపాను, లేదు.

మందు నీళ్లలో లేదు. బొగ్గును పట్టుకుని ఉంది. దాన్ని చేసేదే అందుకు. బొగ్గు నూనెను వదిలేసింది కానీ మందును వదలదు.

ఫర్జానాను కేకేశాను. బొగ్గును దంచి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, పెద్ద గొట్టంలో నింపాం. సంపు నీళ్లలో పొడుగు తోక మందు, అది నూనెను మింగి గుత్తి కడుతుంది, ఫిల్టరు గుత్తిని ఆపుతుంది, తప్పించుకుని దాటిన కాస్త మందునూ బొగ్గు పట్టేస్తుంది. గొట్టం చివర నీళ్లు సన్నగా కారాయి. ఊపితే బుడగ కూడా నిలవలేదు.

చేపలను వేశాం. ఆ రాత్రి, మరుసటి పగలు, ఇంకో రాత్రి. తిరుగుతూనే ఉన్నాయి.

మరునాడు

"చాప బతికితే మనిషి బతుకుతడా?" అని అడిగాడు ఓదెలన్న.

"ఎరుక లేదన్నా. ముందుగాల నేను తాగుత."

"నువ్వు పోతే ఇది చేసేటోల్లు ఎవరు?" నా చేతిలోంచి గ్లాసు తీసుకుని తాగేశాడు. మూతి తుడుచుకున్నాడు. "ఉప్పగున్నది," అన్నాడు.

ఫర్జానా పగలంతా ఆయన నాడి చూస్తూ కూర్చుంది. ఏమీ కాలేదు. తర్వాత నేను తాగాను, తర్వాత ఫర్జానా. సరోజనకు గ్లాసు ఇస్తే ఆమె తాగకుండా నా మొహం చూసింది.

"మంచియేనా నీలక్కా? నా పాలల్లకు పోతయ్ గద."

అబద్ధం చెప్పలేకపోయాను. "సంపు నీళ్ల కన్న మంచియి. గంతే చెప్పగలను."

ఆమె కళ్లు మూసుకుని తాగింది.

నీళ్లు సన్నగానే వస్తున్నాయి. మనిషికి కొద్ది గ్లాసులు. బొగ్గు మార్చాలి, ఫిల్టరులోకి నీళ్లు వెనక నుంచి తోసి కడగాలి. అందరూ వంతులకు వస్తున్నారు. కడ్డీ పట్టుకుని వెళ్లినాయన ఇప్పుడు బొగ్గు దంచుతున్నాడు. రెండో రోజు రాత్రి బిడ్డ గట్టిగా ఏడ్చింది. గ్యాలరీలో ఎవరూ విసుక్కోలేదు.

మృగశిర కార్తె

మబ్బు పట్టలేదు. మందు సగం క్యానుకు వచ్చింది. తాగగలుగుతున్నాం, అంతే. బయటికి పోలేం. ఉన్న ఒక్క గాలి గొట్టం కింద వంతులేసుకుని పడుకుంటున్నారు. అది అరచేయి వెడల్పు కూడా లేదు. పైకి చూస్తే రూపాయి బిళ్లంత వెలుగు.

ఇవాళ ఆ గొట్టం కింద పడుకున్నది పోశాలు. తడబడే మాటతో ఏదో అంటున్నాడు. ఎవరికీ అర్థం కాలేదు. ఓదెలన్న వెళ్లి వంగి గొట్టం మూతికి ముక్కు పెట్టాడు. అలాగే ఉండిపోయాడు.

"మట్టి వాసన," అన్నాడు.

ఒకరి తర్వాత ఒకరం వెళ్లి ముక్కు పెట్టాం. తడిసిన మట్టి. పైన వాన.

మృగశిర, కొన్నాళ్లకు

రెండో గని వాళ్లు వచ్చి పై నుంచి తవ్వుతున్నారు. చప్పుడు వినిపిస్తోంది. దెబ్బ పడినప్పుడల్లా కప్పు నుంచి పొడి రాలుతుంది, అందరం తల మీద చేతులు పెట్టుకుంటాం. వాళ్లు మమ్మల్ని చేరతారో, వాళ్లు తవ్వడం వల్లే మిగిలిందీ కూలుతుందో తెలియదు. నీళ్ల పని ఆపలేదు.

మృగశిర, వాన

చిన్న కన్నం పడింది. అందులోంచి ముందు టార్చి వెలుగు, తర్వాత గట్టయ్య చేయి. ఓదెలన్న ఆ చేయి పట్టుకుని అడిగాడు: "మా తమ్ముడు?"

"దొరికిండన్నా," అంది అవతల గట్టయ్య గొంతు. "రాయి కింద. ఎంబడే పోయినట్టున్నడు. పిలిచేటంత టైం గూడ ఉండి ఉండదు."

ఓదెలన్న ఆ చేయి వదల్లేదు. అప్పుడు ఏడ్చాడు. దారి వెడల్పు చేయడానికి అవతలివాళ్లు చేయి వెనక్కి తీసుకోవాలి, ఆయన వదలడం లేదు. ఫర్జానా వచ్చి ఆయన వేళ్లు ఒక్కొక్కటీ విడదీసింది.

పిల్లలు ముందు, తర్వాత సరోజన, మంచం మీద పోశాలు, తర్వాత మిగతావాళ్లం. వానలోకి. ఎవరూ గంతులేయలేదు. నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే తడిశారు.

మృగశిర, ఆఖరి రోజులు

రాజమల్లును నిన్న సాగనంపాం. తెల్లవారి చూస్తే ఓదెలన్న బాయి అవతలి దిక్కున వంగి నేల మీద ముగ్గు పోస్తున్నాడు. రెండో దారికి. వానకు ముగ్గు కరిగిపోతోంది, ఆయన మళ్లీ పోస్తున్నాడు. వచ్చే ఉగాదికి మళ్లీ దిగక తప్పదు, వేరే చోటు లేదు. ఈసారి ఒక్క తలుపుతో దిగనని ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు.

నా ఫిల్టరు, మిగిలిన మందు ఇంకా కిందే ఉన్నాయి. రెండో గని వాళ్ల సంపులో కూడా నూనె వాసన వస్తోందట. గట్టయ్య అడిగాడు, చేసిస్తానన్నాను. సామాను తెచ్చుకుందామని బాయి దాకా వెళ్లాను. కొత్తగా నిలబెట్టిన దుంగల కింద చీకటి. ఒక అడుగు వేశాను. రెండోది పడలేదు.

ఎంతసేపు నిలబడ్డానో. ఓదెలన్న ముగ్గు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏందే?"

"సామాన్ తేవాలె. పోబుద్ధి అయితలేదు."

ఆయన లోపలికి చూశాడు. బాయి మూతి పక్కన బండ మీద కూర్చుని, నాకూ చోటిచ్చాడు. కూర్చున్నాను. వాన మా ఇద్దరి మీదా పడుతూనే ఉంది.

ఇవాళ ఎవరమూ దిగలేదు.